ఇల్లుబండి పొద్దుటి చప్పుడు

డీజిల్ ఇంజన్ జబ్బుల్లో అన్నిటికన్నా సతాయించేది, పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వినిపించే చప్పుడు. రాత్రంతా చల్లబడిన ఇంజన్ లేస్తూనే ఒక నిమిషం మూలుగుతుంది. వేడెక్కగానే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఆ నిమిషం మీరు చేజార్చుకుంటే మళ్లీ మర్నాటి దాకా ఆగాలి. మధ్యాహ్నం బండి తెచ్చి "జర చూడు" అనేవాళ్లకు ఈ మాట చెబితే, పని రాక సాకు చెబుతున్నామనుకుంటారు.

నేను వనపర్తిలో, పెబ్బేరు పోయే రోడ్డు మీదున్న ఒక షెడ్డులో ముప్పై నాలుగేళ్లు డీజిల్ మేస్త్రీగా పనిచేశాను. ట్రాక్టర్లు, లారీలు, బోరుబండ్లు, స్కూలు బస్సులు ఎన్ని నా చేతుల మీదుగా పోయాయో నాకే తెలియదు. ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటున్నాను కదా, కొత్తగా పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "మీరు పట్టినవాటిల్లో గట్టి కేసు ఏది?" అని అడుగుతారు. ఏ లారీ క్రాంకుషాఫ్టు విరిగిన కథో చెబుతానని వాళ్ల ఆశ. నేను ఒక ఇల్లుబండి కథ చెబుతాను. ఇందులో నా గొప్ప ఉంది, దాచుకోను. దానికన్నా ముందు నా తప్పు ఉంది. రెండూ కలిపే వినాలి.

నా ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా, చలికాలంలో ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు ఒక పాత మినీబస్సు వచ్చి ఆగింది. కిటికీలకు పూలపూల తెరలు. నెత్తిన నీళ్ల ట్యాంకు. లోపల సీట్లు పీకేసి రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, గిన్నెల అలమర, గోడకు అద్దం. వెనక మంచం కింద చిన్న జనరేటరు. చేతిలో పని పక్కన పడేసి అందరం చుట్టూ మూగాం. ఇట్లాంటిది టీవీలో చూడటమే గానీ మా షెడ్డుకు రావడం అదే మొదలు.

దిగినాయన వడ్డేపల్లి దిక్కు మనిషి. అరవై అయిదు దాటి ఉంటాడు. నలభై ఏళ్లు లారీ నడిపాడు, దేశంలో ఆయన పోని రేవు లేదు. ఆయన వెనకే మెల్లగా మెట్టు దిగినామె ఆయన భార్య. గద్వాలలో మగ్గం ఇంట్లో పుట్టి, గద్వాల చీరలు నేసి నేసి మోకాళ్లు పట్టేసిన మనిషి.

"నలభై ఏండ్లు నేను ఊర్లు తిరిగిన, ఈమె మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని కూసున్నది. ఇగ ఇద్దరం కలిసి తిరుగుతం మేస్త్రీ," అన్నాడాయన.

"ఈయన చెప్పిన ముచ్చట్లన్నీ నిజమో కాదో సూసొద్దామని పోతున్న," అందామె.

అందరం నవ్వాం. నాకు ఆ ఇద్దరూ అక్కడే నచ్చారు.

జరిగింది ఇది. పెద్ద ప్రయాణానికి ముందు బండిని పరీక్షిద్దామని శ్రీశైలం బయలుదేరారు. మన్ననూరు దాటి అడవిలో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ దానంతటదే రెండుసార్లు ఆగిపోయింది. ఆయన పాత కాపు కాబట్టి దిగి, చేతిపంపు కొట్టి డీజిల్ ఎక్కించి, మళ్లీ నడిపించుకుంటూ వెనక్కి తెచ్చాడు.

"ఫిల్టర్ జామయింటది," అన్నాడు.

"పొద్దుగాల చప్పుడొస్తది, అది గూడ చెప్పు," అంది ఆమె.

"ఏం చప్పుడు లేదు. ఇంజన్ అన్నంక చప్పుడు చెయ్యదా? ఆమెకేం తెలుసు మేస్త్రీ."

నేను ఆయన వైపే చూశాను. నలభై ఏళ్ల డ్రైవరు లేదంటుంటే మగ్గం నేసే ఆమె ఉందంటుంది. ఎవరి మాట వింటాను? ఆ రోజు నేనే కాదు, ఏ మేస్త్రీ అయినా అదే చేసేవాడు. అది నాకు సాకు కాదు, సిగ్గు.

డీజిల్ ఫిల్టరు మార్చాను. పైపుల్లో గాలి తీశాను. పెద్దమందడి దిక్కు కొంత దూరం పోయి వచ్చాను. కిందికి దూరి చూసినప్పుడు డీజిల్ పైపు మధ్యలోంచి ఒక సన్న గొట్టం చీలి వెనక జనరేటరుకు పోవడం కనిపించింది. 'అది ఇంటి సామాను, మనకెందుకు' అనుకుని వదిలేశాను. ఇంజన్ బాగుందని జాబు కార్డు మీద సంతకం పెట్టాను. వాళ్లు ట్యాంకు నిండా డీజిల్ పోయించుకుని గద్వాలకు పోయారు.

నాలుగో రోజు ఒక లారీ వాళ్లను తాడు కట్టి లాక్కొచ్చింది.

బీచుపల్లి దగ్గర, కృష్ణ బ్రిడ్జి నడిమధ్యలో ఇంజన్ ఆగిపోయింది. హైవే అది. వెనక లారీలు, బస్సులు. ఆయన చేతిపంపు కొడుతూ లోపలే ఉన్నాడు. ఈమె ఆ మోకాళ్లతోనే దిగి, మంచం మీది ఎర్ర దుప్పటి తీసుకుని బండి వెనక యాభై అడుగులు నడిచి, రోడ్డు మీద నిలబడి ఊపింది. లాక్కొచ్చిన లారీ డ్రైవరే మాకు చెప్పాడు.

"అమ్మ నిలబడకపోతే నేనే గుద్దుతుంటి అన్నా. హారన్ కొడుతున్న, కొడుతున్న, బండిల ఉన్నాయన తిరిగి గూడ చూడలే."

ఆ మాట నా చెవిన పడింది. అర్థం మాత్రం కాలేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది, ఇంజన్ బాగుందని కార్డు మీద పెట్టిన నా సంతకం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె చేతిలో దుప్పటి ఇంకా అట్లాగే నలిగి ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

బండిని షెడ్డులో పెట్టించి, "ఎవ్వరూ ముట్టుకోవద్దు, పొద్దుగాల నేనొచ్చినంకనే స్టార్ట్ చేయాలె," అని చెప్పాను. వాళ్లిద్దరి ఇల్లు బండే కాబట్టి అందులోనే పడుకున్నారు.

మర్నాడు తెల్లారకముందే పోయాను. నాతోపాటు ఇంజన్ పని చేసే ఇంకో పెద్ద మేస్త్రీ ఉండేవాడు. షెడ్డంతా ఆయన్ను భాయ్ అనేది. ఆయనా వచ్చాడు. మేమిద్దరం పాతికేళ్ల పైన పక్కపక్కన పనిచేశాం, అందులో సగం కాలం ఒకరితో ఒకరం వాదించాం. మినీబస్సుల్లో ఇంజన్ డ్రైవరు పక్కనే మూత కింద ఉంటుంది. మూత తీసి ఇద్దరం చెరో పక్క వంగాం.

డ్రైవరు సాబ్ తాళం తిప్పాడు. ఇంజన్ వెంటనే అందుకుంది. అయిదారు సెకన్లు మామూలుగా నడిచింది. తర్వాత మొదలైంది. ఠక్, ఠక్ ఠక్, మళ్లీ ఒక ఠక్. ఒక లెక్కా పద్ధతీ లేకుండా. ఇంజన్ కాస్త తగ్గుతుంది, లేస్తుంది. వెనక పొగగొట్టంలోంచి తెల్ల పొగ ముద్దలు ముద్దలుగా. నిమిషం కాగానే అన్నీ సర్దుకున్నాయి.

"బేరింగ్," అన్నాడు భాయ్. "రాత్రంత ఆయిల్ కిందికి దిగిపోతది. పొద్దుగాల ఎండిన బేరింగ్ కొట్టుకుంటది. ఇంజన్ దించాలె."

"బేరింగ్ అయితే ఒక తాళం మీద కొట్టుకుంటది భాయ్. ఇది తప్పి తప్పి కొడుతున్నది. తెల్ల పొగ ఏంది మల్ల? ఇంజెక్టర్," అన్నాను నేను.

ఆ రోజంతా ఇంజెక్టర్లు నాలుగూ విప్పి పరీక్షించాను. ఒకటి డీజిల్‌ను తుంపరగా చిమ్మకుండా బొట్లు బొట్లుగా కారుస్తోంది. దొరికింది దొంగ అనుకున్నాను. దాని ముక్కు మార్చి బిగించాను. సాయంత్రం భాయ్ ముందు మీసం మెలేయలేదు గానీ, మెలేసినంత పని చేశాను.

రెండో రోజు పొద్దున తాళం తిప్పగానే ఠక్, ఠక్ ఠక్.

భాయ్ నవ్వలేదు. అది ఆయన పెద్దరికం. "ఇగ దించుదాం యార్. రేపు మధ్యాహ్నం గొలుసు కడత," అన్నాడు మెల్లగా. ఇంజన్ దించి విప్పితే ఎన్ని రోజులవుతుందో, విప్పాక లోపల ఏం బయటపడుతుందో ఎవరికీ తెలియదు. ఆ పాత ఇంజన్‌కు సామాను దొరకడం కూడా కష్టం. డ్రైవరు సాబ్ ముఖం వాడిపోయింది. "దించుడంటే ఇగ అయిపోయినట్టే. ఎవలన్న అడిగితే బండి ఇచ్చేస్త. ఇంటికి పోతం," అన్నాడు.

అప్పుడే ఇంకోటి జరిగింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. చప్పుడు తగ్గుతోంది గానీ పూర్తిగా పోలేదు, నాకు స్పష్టంగా వినిపిస్తోంది. నేను "ఇంక ఉన్నదా సాబ్?" అని ఊరికే అడిగాను.

"లేదు. పోయింది," అన్నాడాయన.

ఠక్ మంది ఇంజన్.

నేను తలెత్తాను. ఆయన ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. పక్క సీట్లో ఆమె నా వైపు చూస్తోంది. ఒక్క క్షణమే. తర్వాత కళ్లు దించుకుంది. లారీ డ్రైవరు చెప్పిన హారన్ మాట అప్పుడు నాకు అర్థమైంది.

ఏమీ తెలియనట్టే ఇంజన్ ఆపమన్నాను. ఆయన్ను భాయ్‌తో చాయ్‌కి పంపాను. నాకు చాయ్ ఇల్లుబండిలోనే దొరికింది. ఆమె పొయ్యి వెలిగించి గిన్నె పెట్టింది. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"అక్కా, ఆ చప్పుడు ఎప్పటిసంది వస్తున్నది?"

"ఆయననే అడుగు నాయనా. బండి ఆయనది."

"ఆయనను అడిగిన. రెండుసార్లు తప్పు చేసిన. ఇప్పుడు నిన్ను అడుగుతున్న."

ఆమె చక్కెర డబ్బా మూత పెట్టింది. బయట మనుషులెవరూ లేరని చూసుకుని అప్పుడు అంది.

"ఆయన చెవులు ఏడాదిసంది మంచిగ లేవు. లారీ మోతకు పోయినై. దగ్గర గట్టిగ మాట్లాడితే అందుతది, దూరపు చప్పుడు, సన్న చప్పుడు అందవు. ఎనక ఎవలన్న హారన్ కొడితే నేను ఆయన భుజం తడ్త. ఒకసారి తడితే పక్కకు జరగాలె, రెండుసార్లు తడితే ఆగాలె. గట్లనే నడుస్తున్నది. నలుగుర్ల చెప్పకు. ఆయనకు డ్రైవరనే పేరు తప్ప ఇంకేం లేదు."

"చెప్ప. చప్పుడు ఎట్లుంటదో చెప్పు."

"నాకు ఇంజన్ సంగతి తెల్వదు."

"నీకు తెలిసినట్టే చెప్పు."

ఆమె కుడిచేతిని గాల్లో అటూ ఇటూ ఆడించింది. మగ్గం మీద నాడె పోయి వచ్చినట్టు. నేత నేసే ఇళ్ల పక్కన పెరిగిన వాళ్లకు తెలుస్తుంది. నాడె అంటే పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది.

"కండెల దారం అయిపోతది సూడు. మనం సూసుకోకుంటే నాడె ఉత్తగనే పోయి కొట్టుకుంటది. దారమున్న నాడె చప్పుడు ఏరే, ఉత్త నాడె చప్పుడు ఏరే. కండ్లు మూసుకొని గూడ చెప్త. మీ ఇంజన్ గట్ల కొట్టుకుంటున్నది. నడుమనడుమ దారం దొరకనట్టు."

చాయ్ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

దారం దొరకనట్టు. అంటే డీజిల్ దొరకనట్టు. డీజిల్‌తో పాటు గాలి వస్తుంటే ఇంజన్ అట్లాగే చేస్తుంది. గాలి వచ్చిన దెబ్బ ఉత్తగా పోతుంది, తర్వాతి దెబ్బకు డీజిల్ ఆలస్యంగా, ఒక్కసారిగా అంటుకుని ఠక్ మంటుంది. సగం కాలిన డీజిల్ తెల్ల పొగై పోతుంది. ఘాట్‌లో ఆగిందీ, బ్రిడ్జి మీద ఆగిందీ అందుకే. అన్నీ ఒకే తాటి మీదికి వచ్చాయి. గాలి ఎక్కడ్నుంచి వస్తుందన్నదే మిగిలింది.

"అక్కా, చప్పుడు రాని పొద్దులు ఏమన్న ఉన్నయా?"

"ఉన్నై. నీ దగ్గర్నుంచి పోయినంక రెండు పొద్దులు రాలే. ట్యాంకు నింపుకొని పోయినం కద. అప్పుడు చప్పుడు లేదు గానీ, నా మంచం కింద డీజిల్ వాసన. కడుపుల తిప్పింది."

పిల్లలూ, ఇంతకన్నా ఏ యంత్రమైనా ఏం చెబుతుంది? ట్యాంకు నిండా ఉంటే డీజిల్ బయటికి కారుతోంది, వాసన. ట్యాంకు తగ్గితే అదే సందులోంచి గాలి లోపలికి పోతోంది, రాత్రంతా పైపులో డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోంది. పొద్దున ఇంజన్ లేచి పంపులో ఉన్న కాస్త డీజిల్ తాగేశాక దానికి దొరికేది గాలే. అందుకే ఆ అయిదారు సెకన్ల నెమ్మది. ఈమె ఇదంతా మొదటి రోజే చెప్పబోయింది. నేనే వినలేదు.

చాయ్ తాగేసి భాయ్ దగ్గరికి పోయాను. "రేపు ఇంజన్ దించొద్దు. ఒక్క పొద్దు ఆగు," అన్నాను.

"ఎందుకు?"

"గాలి."

"ఎవరు చెప్పిన్రు?" అన్నాడు.

"ఆమె."

భాయ్ నా ముఖం చూశాడు, ఇల్లుబండి వైపు చూశాడు. "ఒక్క పొద్దే," అన్నాడు.

ఆ సాయంత్రం పంపుకు పోయే పైపు కొంత కోసి మధ్యలో జానెడు తెల్ల ప్లాస్టిక్ గొట్టం పెట్టాను, లోపల ఏం పోతుందో కంటికి కనిపించేటట్టు. మా పనిలో ఇది పాత పద్ధతే, ఎవరైనా చేసేదే. ఎప్పుడు చేయాలన్నదే తెలియాలి. ఒక నిమిషం ఇంజన్ నడిపి గొట్టం నిండా డీజిల్ రానిచ్చి ఆపాను. గొట్టం తేనె రంగులో నిండుగా ఉంది.

మూడో రోజు పొద్దున చలి కాస్త ఎక్కువగానే ఉంది. ఆమె శాలువా కప్పుకుని ఇంజన్ పక్కన నిలబడింది. భాయ్ టార్చి పట్టుకున్నాడు. వెలుగు పడగానే "యా అల్లా," అన్నాడు. రాత్రి నిండుగా ఉన్న గొట్టం సగానికి పైగా ఖాళీ. ఇంకా తాళమే తిప్పలేదు.

"కొట్టు సాబ్," అన్నాను.

ఇంజన్ అందుకుంది. ఒకటి, రెండు, మూడు... గొట్టంలో బుడగలు బయలుదేరాయి. దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి.

"ఇగో, ఇప్పుడొస్తది," అందామె.

ఠక్. ఠక్ ఠక్. బుడగ పోయినప్పుడల్లా ఒక దెబ్బ. మేమంతా గొట్టం వైపే చూస్తున్నాం. ఆ సందడిలో డ్రైవరు సీటు వైపు ఎవరమూ చూడలేదు.

"మేస్త్రీ," అన్నాడాయన. "ఇప్పుడు చప్పుడున్నదా?"

నేను ఉన్నదని తలూపాను.

"నాకు వినబడ్తలేదు. ఏడాదయితున్నది. ఆమె చెప్తుంటె లేదు లేదని నేనే కొట్లాడిన. బ్రిడ్జి మీద ఎనక లారీ హారన్ కొట్టిందంట. నాకు తెల్వనే తెల్వదు. ఈమె రోడ్డు మీద నిలబడ్డది..."

ఆ మాట ఆయన మా అందరి ముందు అన్నాడు. నలభై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి. నేనైతే అనగలిగేవాణ్నో కాదో ఇప్పటికీ చెప్పలేను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అప్పుడు భాయ్ ఒక పని చేశాడు. టార్చి నా చేతికిచ్చి, వంగి, ఆయన కుడి అరచెయ్యి పట్టుకుని ఇంజన్ పక్కనున్న ఇనుప చట్రం మీద ఆనించాడు.

"చెవి లేకుంటే చెయ్యి సాబ్. గిట్ల చూడు."

డ్రైవరు సాబ్ కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ ఇంకో రెండు మూడు దెబ్బలు కొట్టింది.

"ఉన్నది," అన్నాడు. కాసేపటికి మళ్లీ, "పోయింది."

ఈసారి నిజంగానే పోయింది.

ఆ తర్వాత పని పావుగంటది. బుడగలు ట్యాంకు వైపు నుంచి వస్తున్నాయి కాబట్టి నేను కిందికి దూరి నేరుగా జనరేటరుకు చీలిన చోటికి పోయాను. మొదటి రోజు చూసి వదిలేసిన ఆ చోటికే. పైకి గొట్టాన్ని బిగించిన పట్టీ గట్టిగానే ఉంది. పట్టీ విప్పి గొట్టం వంచితే, దాని కింద రబ్బరు ఎండి వెంట్రుకంత సన్నగా పగుళ్లు. జనరేటరు పెట్టినవాడెవడో పాత గొట్టం ముక్క వాడాడు. ఆ చీలికే తీసేశాను. కొత్త పైపు వేశాను. జనరేటరుకు వేరే చిన్న డబ్బా అమర్చి, దాని డీజిల్ దానికే ఉండేటట్టు చేశాను.

"ఇంటి సామానని నేను చెప్పలే," అన్నాడు డ్రైవరు సాబ్.

"ఇంటి సామానని నేనూ చూడలే," అన్నాను.

నాలుగో రోజు పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మేమెవరమూ ఇంజన్ వైపు చూడలేదు. ఆమె ముఖం వైపు చూశాం. ఆమె పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. కళ్లు తెరిచి, "నాడె నిండుగ పోతున్నది," అంది. భాయ్ నా భుజం మీద ఒక్కటి చరిచాడు. పాతికేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది అట్లా ఒకసారి, ఇంకొకటి ఎప్పుడో నాకు గుర్తులేదు.

కథ అక్కడ ఆగితే నాకు ఇంత గర్వం ఉండేది కాదు. పైపు మార్చడం ఏ మేస్త్రీ అయినా చేస్తాడు.

డ్రైవరు సాబ్ సామాను సర్దుకుని తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"బండి బాగయింది సాబ్. మీ చెవి బాగయ్యేదాక ఈ తాళంచెవి నా దగ్గర్నే ఉంటది."

ఆయనకు కోపమొచ్చింది. "నా బండిని ఆపేటందుకు నువ్వెవలు?" అన్నాడు.

"ఒకసారి బాగున్నదని సంతకం పెట్టి బ్రిడ్జి మీదికి పంపినోణ్ని. రెండోసారి పంపను."

ఇది నా అధికారం కాదని నాకు తెలుసు. షెడ్డు యజమానికి తెలిస్తే మందలించేవాడేమో. కానీ ఆమె ఆయన భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆయన ఆగాడు.

భాయ్ ఆయన్ను తన మోటారు సైకిలు మీద మహబూబ్‌నగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. చెవికి పెట్టుకునే మిషను రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఇల్లుబండి మా షెడ్డు పక్కనే ఉంది. ఆమె జొన్నరొట్టెలు కాల్చి పెట్టేది. డ్రైవరు సాబ్ లారీల వాళ్లకు దారులు చెప్పేవాడు. ఏ ఘాట్‌లో ఏ గేరు, ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి. మధ్యాహ్నం అన్నాలప్పుడు మా షెడ్డు అంత కళగా ఎన్నడూ లేదు. మిషను వచ్చాక ఆయన దాన్ని చెవిలో పెట్టుకుని వెంటనే పీకేశాడు. "మొత్తం లొల్లి. రేకు మీద వాన పడ్డట్టున్నది," అన్నాడు. అలవాటు కావడానికి నెలలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడట. పెట్టుకునే నడుపుతానని భార్య మీద ఒట్టేసి బయలుదేరాడు. తాళంచెవి ఇచ్చేశాను.

నేను ఆ షెడ్డులో మిగిలిన ఏడాదీ ఒక పద్ధతి పెట్టాను. ఏ బండి వచ్చినా ముందు డ్రైవరును కాదు, పక్కన కూర్చున్న మనిషిని అడగాలి. క్లీనరో, కూలీనో, ఇంటామెనో, ఎవరైతే వాళ్లు. మొదట్లో అందరూ నవ్వారు. నేను మానేశాక కూడా ఆ పద్ధతి నడుస్తోందని విన్నాను. భాయ్ ఇప్పుడు ఇంకా గట్టిగా పట్టిస్తున్నాడట, తనే కనిపెట్టినట్టు. పట్టించుకోను. నా చేతి పని ఎన్నో బండ్లలో ఉంది, అవన్నీ ఏదో ఒక రోజు తుక్కు కింద పోతాయి. ఇది పోదు.

మీరు కూడా ఒకటి గుర్తుంచుకోండి. స్కానరు పెట్టండి, లాప్‌టాప్ తెరవండి, నాకేం అభ్యంతరం లేదు. మా కాలంలో అవి ఉంటే నేనూ వాడేవాణ్ని. కానీ చప్పుడుతో ఎక్కువ రోజులు కాపురం చేసింది ఎవరో వెతకండి. వాళ్లకు ఇంజన్ భాష రాకపోవచ్చు. వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి, మీరు మీ భాషలోకి మార్చుకోండి. అందుకే మనకు జీతం.

నేను రిటైరైన తర్వాతి చలికాలంలో ఒక తెల్లవారుజామున నా ఫోను మోగింది. అంత పొద్దున మోగితే ఎవరికేమైందోననే అనుకుంటాం. ఎత్తి "హలో, హలో" అన్నాను. మాట లేదు. తాళం తిప్పిన చప్పుడు వినిపించింది. స్టార్టరు తిరిగింది. ఇంజన్ అందుకుంది. నేను దుప్పటి తోసేసి లేచి కూర్చుని, ఫోను చెవికి నొక్కుకుని, నా అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. అయిదు, ఆరు, పది, ముప్పై, అరవై. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

అప్పుడు డ్రైవరు సాబ్ గొంతు వచ్చింది.

"మేస్త్రీ, ఇన్నవా?"

"ఇన్న సాబ్. మంచిగున్నది."

"నేను గూడ ఇన్న," అన్నాడాయన.